గాదంకి మీది గాలితో సూపర్‌సానిక్ బిజినెస్ జెట్ లెక్క

సూపర్‌సానిక్ (శబ్దవేగాన్ని మించి పోయే) బిజినెస్ జెట్ డిజైన్ చెయ్యమంటే చాలామంది ముందు బొమ్మ గీస్తారు. సూదిలాంటి ముక్కు, డెల్టా రెక్క, తోక దగ్గర రెండు ఇంజిన్లు. చూడ్డానికి బాగానే ఉంటుంది. బరువు లెక్క వేసేసరికి మొదటికే మోసం వస్తుంది. అందుకని ఇక్కడ బరువుతోనే మొదలుపెడదాం. ఆ తర్వాత, తిరుపతి చుట్టుపక్కల కూర్చుని ఈ పని చేసేవాళ్లు తప్పకుండా చూడాల్సిన ఇంకో సంగతి ఉంది: పాఠ్యపుస్తకం చివర ఇచ్చే స్టాండర్డ్ అట్మాస్ఫియర్ పట్టిక (ఏ ఎత్తులో గాలి ఎంత చల్లన, ఎంత పీడనం అని చెప్పే సగటు పట్టిక) మన నెత్తిమీది గాలిది కాదు. మన గాలిని కొలిచే చోటు తిరుపతి దగ్గరి గాదంకి.

ఎనిమిది మంది ప్రయాణికులు, సామానుతో కలిపి తలకి 100 కిలోలు. ఇద్దరు పైలట్లు, ఒక అటెండెంటు, వాళ్ల సంచులు కలిపి 300. మొత్తం 1,100 కిలోలు. ఆగకుండా 7,400 కిలోమీటర్లు, అంటే 4,000 నాటికల్ మైళ్లు పోవాలి. మాక్ 1.6 వేగం, అంటే అక్కడి శబ్దవేగానికి 1.6 రెట్లు, 50,000 అడుగుల ఎత్తు అనుకుందాం. పుస్తకం పట్టిక ప్రకారం అక్కడ మాక్ 1.6 అంటే గంటకి 1,699 కిలోమీటర్లు. లిఫ్ట్-డ్రాగ్ నిష్పత్తి (విమానాన్ని మోసే బలానికీ వెనక్కి లాగే బలానికీ నిష్పత్తి) 8 పెట్టండి. అంతకంటే ఎక్కువ పెట్టేవాళ్లు పాత సూపర్‌సానిక్ ప్రయాణికుల విమానం కాంకార్డ్‌కి మాక్ 2 దగ్గర వచ్చింది ఏడు చిల్లరేనని గుర్తుంచుకోవాలి. ఇంధనం ఖర్చు గంటకి, ఒక కిలో థ్రస్టుకి 1.05 కిలోలు. ఈ అంకెలు దూరానికి ఇంధనం లెక్కగట్టే బ్రెగే సూత్రంలో వేస్తే ఒక్క క్రూయిజ్‌లోనే (పైకెక్కాక ఒకే తీరున పోయే దారిలోనే) విమానం బరువులో 43.5 శాతం కాలిపోతుంది. అదే దూరం మాక్ 0.85లో, నిష్పత్తి 17తో, ఖర్చు 0.62తో పోతే 26 శాతం చాలు. ఎక్కడానికి, రిజర్వుకి కలుపుకుంటే మన విమానం బరువులో సగం కిరోసినే.

ఇప్పుడు అసలు తిప్పలు. ఇంధనం 50 శాతం, ఖాళీ విమానం 45 శాతం అనుకుంటే మనుషులకి మిగిలేది 5 శాతం. 1,100ని 0.05తో భాగిస్తే 22 టన్నులు. భలే, చిన్న విమానం! కానీ ఖాళీ బరువు 46 శాతం అయితే 27.5 టన్నులు. 47 అయితే 36.7. 48 అయితే 55 టన్నులు. ల్యాండింగ్ గేర్ కొంచెం బరువెక్కింది, కుర్చీలకి తోలు వేశారు, ఒక డక్టు మర్చిపోయి తర్వాత కలిపారు: మూడు శాతం అలా పోతుంది, విమానం రెండున్నర రెట్లవుతుంది. ఏరియన్ కంపెనీ ఏఎస్2 విమానం 8 నుంచి 12 మందికే అయినా సుమారు 60 టన్నులకి ఎందుకు చేరిందో ఈ నాలుగు భాగహారాలే చెప్తాయి. ఆ కంపెనీ 2021 మేలో మూతపడింది. ఇక్కడ నుంచి మన లెక్క 55 టన్నులతోనే నడుపుదాం. 22 టన్నుల దగ్గర ఆగి సంబరపడే రిపోర్టుల్లో ఖాళీ బరువు శాతం ఎక్కడ నుంచి తెచ్చారో వెతకండి, సాధారణంగా మామూలు జెట్ల పట్టికలో దొరుకుతుంది.

మాక్ ఎంత పెట్టాలన్నది పంతం కాదు, వేడి లెక్క. పుస్తకం గాలి 50,000 అడుగుల దగ్గర మైనస్ 56.5 డిగ్రీలు. ముక్కు కొసన గాలి ఆగిపోయే చోట మాక్ 1.4కి 28 డిగ్రీలు, 1.6కి 54, 1.8కి 84, కాంకార్డ్ 2.04కి 124 డిగ్రీలు. 54 డిగ్రీలంటే మే నెల మధ్యాహ్నం అలిపిరి దగ్గర ఎండలో నిలబెట్టిన కారు బానెట్టే ఇంకా ఎక్కువ కాలుతుంది. మామూలు కార్బన్-ఎపాక్సీ, మామూలు సీలెంట్లు, మామూలు రబ్బరు పనికొస్తాయి. 1.8 దాటితే ఇంధనం ట్యాంకు సీలెంటు దగ్గర నుంచి ప్రతిదీ మళ్లీ పరీక్షించుకోవాలి. కాంకార్డ్ ముక్కు దగ్గర 127 డిగ్రీలని హద్దు పెట్టుకుని ఎగిరేది, ఆ వేడికి ఒళ్లు పొడుగ్గా సాగేది కూడా. ఇంకో వైపు, మాక్ 1.1 దగ్గర క్రూయిజ్ పెడితే డ్రాగ్ పెరిగిపోయి ఉంటుంది, వేగం మాత్రం పెద్దగా పెరగదు. రెంటికీ చెడ్డ రేవడి. 1.4 నుంచి 1.6 మధ్యే ఇల్లు కట్టుకోవడం మంచిది.

రెక్క వాలు కూడా ఈ అంకెతోనే తేలుతుంది. మాక్ 1.6కి మాక్ కోణం, అంటే ముక్కు నుంచి వెనక్కి విచ్చుకునే అలల శంకువు వాలు, 38.7 డిగ్రీలు. రెక్క ముందంచు ఆ శంకువు లోపల దాక్కోవాలంటే వాలు 51.3 డిగ్రీలు దాటాలి, కొంచెం ఊపిరాడాలంటే 55 పైన. మందం 3 నుంచి 4 శాతం. ఇక్కడే ఇంధనం ఎక్కడ పెట్టాలన్న గొడవ మొదలవుతుంది. 27.5 టన్నులంటే 34,000 లీటర్ల పైమాటే. అంత పల్చటి రెక్కలో పట్టదు. మిగిలింది క్యాబిన్ వెనక ట్యాంకులో పోస్తారు. శబ్దవేగం దాటగానే లిఫ్ట్ కేంద్రం రెక్క పావు భాగం దగ్గర నుంచి సగం వైపు వెనక్కి జరుగుతుంది. ఇంధనం వెనక్కి పంపు చేసి బరువు కేంద్రాన్ని కూడా దాంతోపాటు జరపాలి. కాంకార్డ్ సుమారు 20 టన్నులు ఇలాగే అటూ ఇటూ తిప్పేది. చాలామంది వదిలేసే కేసు ఒకటుంది: వెనక ట్యాంకు నిండుగా ఉండగా పంపు చెడి, ఆ పళంగా వేగం తగ్గించాల్సి వస్తే ఏమవుతుంది? లిఫ్ట్ కేంద్రం ముందుకొస్తుంది, బరువు వెనకే ఉండిపోతుంది, విమానం ముక్కెత్తేస్తుంది. రెండు పంపులు, వేర్వేరు కరెంటు లైన్లు, ఏదీ లేకపోయినా వాలుకి దానంతట అది పారే దారి. ఈ మూడూ లేని డ్రాయింగు పూర్తికాలేదన్నట్టే.

ఇక పొడవు. ఒక ఘనపరిమాణానికి తరంగ డ్రాగ్ (షాక్ అలల వల్ల వచ్చే లాగుడు) అతి తక్కువగా వచ్చే ఆకారం సియర్స్-హాక్ ఆకారం. దాని సూత్రం చిన్నది: అత్యధిక అడ్డుకోత వైశాల్యాన్ని పొడవుతో భాగించి, వర్గం చేసి, 14.14తో హెచ్చించాలి. 40 మీటర్ల పొడవు, 5 చదరపు మీటర్ల అడ్డుకోత అనుకుంటే 0.221 చదరపు మీటర్లు వస్తుంది. మాక్ 1.6, 50,000 అడుగుల దగ్గర వేగం వల్ల ఎదురుగాలి ఒత్తిడి (డైనమిక్ ప్రెషర్) 20.8 కిలోపాస్కల్ పడుతుంది. రెండూ హెచ్చిస్తే 4.6 కిలోన్యూటన్లు. నిజం విమానం ఆ ఆదర్శానికి రెట్టింపు చుట్టూ ఉంటుంది కాబట్టి 9.2 అనుకోండి. అదే ఘనపరిమాణాన్ని 30 మీటర్లలో కుక్కితే? పొడవు నాలుగో ఘాతంలో పనిచేస్తుంది. 9.2 కాస్తా 29 అవుతుంది. 52 టన్నులతో క్రూయిజ్ మొదలుపెట్టినప్పుడు మొత్తం కావాల్సిన థ్రస్టు 64 కిలోన్యూటన్లేనని చూస్తే ఈ ఇరవై ఎంత పెద్ద దెబ్బో తెలుస్తుంది. ఒకే ఒక్క పైలట్ కూర్చునే నాసా ప్రయోగ విమానం ఎక్స్-59 పొడవు 30.4 మీటర్లు, రెక్కల వెడల్పు 9 మీటర్లే. అందులో మూడో వంతు దాకా ముక్కే. ఊరికే పెట్టలేదు దాన్ని.

అడ్డుకోత అనే మాట దగ్గర ఒక నిమిషం ఆగాలి. వైశాల్య నియమం (అడ్డుకోత వైశాల్యం పొడవునా నున్నగా మారాలన్నది) పేరు చెప్పి విమానాన్ని నిట్టనిలువుగా ముక్కలు కోసి, గ్రాఫు నున్నగా ఉందని మురిసిపోతారు. నిలువు కోత మాక్ 1 దగ్గరే నిజం. మాక్ 1.6కి కత్తిని 38.7 డిగ్రీల వాలుగా పట్టుకోవాలి, దాన్ని విమానం చుట్టూ తిప్పుతూ ఒక్కో కోణంలో ఒక్కో గ్రాఫు గీసి, డ్రాగ్ సగటు తీసుకోవాలి. నాసా వదిలిన విమానం డిజైన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌వీఎస్‌పీ ఉచితమే, అందులో తరంగ డ్రాగ్ పనిముట్టు ఇదే చేస్తుంది. కోతల సంఖ్య తక్కువ పెడితే జవాబు ఊగుతుంది. సంఖ్య రెట్టింపు చేసినా జవాబు కదలని దాకా పెంచుతూ పోండి. ఇంకో తప్పు: ఇంజిన్ గొట్టాన్ని మూసేసిన సిలిండర్‌లా గియ్యడం. లోపలికి పోయే గాలి అడ్డు కాదు. ఇన్‌టేక్ ముఖం, నాజిల్ ముఖం గాలి పారే తలాలని గుర్తు పెట్టకపోతే, లేని డ్రాగ్‌ని కనిపెట్టి, దాన్ని తగ్గించడానికి ఫ్యూజ్‌లాజ్ నడుం అనవసరంగా నొక్కేసి, ఆఖరికి టాయిలెట్లో మనిషి నిలబడలేని క్యాబిన్ మిగులుతుంది.

ఇన్‌టేక్, అంటే ఇంజిన్‌కి గాలి పట్టే నోరు, మాక్ 1.6 దగ్గర కాస్త దయ చూపిస్తుంది. ఒక్క నిలువు షాక్‌తో సరిపెడితే మొత్తం పీడనంలో 89.5 శాతం దక్కుతుంది. ముందు 10 డిగ్రీల వాలు పలక పెడితే గాలి మాక్ 1.24కి దిగుతుంది, ఆ తర్వాత నిలువు షాక్. దక్కేది 97.6 శాతం. కదిలే భాగాలు లేకుండా ఇంత వస్తుంటే ఇంకేం కావాలి? మాక్ 1.4కి పలక లేకుండానే దాదాపు 96 వస్తుంది. కాంకార్డ్‌లోలాగా కదిలే ర్యాంపులు, స్పిల్ తలుపులు పెట్టే పని బిజినెస్ జెట్‌కి పెట్టుకోకండి.

ఇంజిన్ మాత్రం దయ చూపదు. 64 కిలోన్యూటన్లు రెండు ఇంజిన్లకి పంచితే 50,000 అడుగుల దగ్గర ఒక్కొక్కటి 32 ఇవ్వాలి, ఆఫ్టర్‌బర్నర్ (తోకలో అదనంగా ఇంధనం మండించే ఏర్పాటు) లేకుండా, గంటల తరబడి. ఆ ఎత్తులో నేలమీది థ్రస్టులో మూడో వంతు మిగిలినా గొప్పే. అంటే నేలమీద 100 కిలోన్యూటన్ల తరగతి. తేజస్ మార్క్ 2 యుద్ధవిమానం కోసం ఎంచుకున్న ఎఫ్414 ఇంజిన్ ఆఫ్టర్‌బర్నర్ వేస్తే ఆ అంకె దగ్గరికొస్తుంది కానీ ఆ తీరు ఇంధనం ఖర్చు మన 50 శాతాన్ని మింగేస్తుంది. విమానాశ్రయం శబ్దం ఇంకో వైపు లాగుతుంది. జెట్ శబ్దం, నాజిల్ నుంచి దూకే వాయువు వేగానికి ఎనిమిదో ఘాతంలో పెరుగుతుంది. వేగం పది శాతం తగ్గితే 3.7 డెసిబెల్ తగ్గుతుంది. తగ్గాలంటే పెద్ద ఫ్యాను కావాలి, పెద్ద ఫ్యాను అంటే లావు గొట్టం, మళ్లీ అడ్డుకోత. ఏఎస్2 కోసం జీఈ మొదలుపెట్టిన ఎఫినిటీ ఇంజిన్ మామూలు ప్రయాణికుల జెట్ల ఇంజిన్ సీఎఫ్ఎం56 కోర్ చుట్టూ మధ్యస్థం బైపాస్‌తో (కోర్ పక్కనుంచి పోయే గాలితో) రాజీ పడింది.

క్యాబిన్ గురించి రెండు ముక్కలు. లోపల 6,000 అడుగుల పీడనం ఉంచితే గోడకి ఇరువైపులా తేడా 70 కిలోపాస్కల్. మామూలు జెట్ కంటే ఎక్కువ. కిటికీ పగిలితే క్యాబిన్ ఎత్తు 25,000 అడుగులు దాటి రెండు నిమిషాలకంటే ఉండకూడదు, 40,000 ఒక్క క్షణం కూడా దాటకూడదన్నది అమెరికా నియమం. అందుకే కిటికీలు అరచేయంత. పెద్ద కిటికీల బొమ్మలు అమ్మకాల కాగితాలకి బాగుంటాయి.

ఇప్పుడు గాదంకి.

తిరుపతి నుంచి చిత్తూరు రోడ్డులో చంద్రగిరి దాటి వెళ్తే గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 130 మీటర్ల చదరంలో 32 వరసల్లో 32 చొప్పున 1,024 యాగీ యాంటెన్నాలు పరిచిన ఎంఎస్‌టీ రాడార్ అక్కడిదే, 53 మెగాహెర్ట్జ్ మీద నెత్తిమీది గాలి కదలికలు చూస్తుంది. బెలూన్లతో ఉష్ణోగ్రత కొలుస్తారు. ఆ కొలతలు చెప్పేది ఇది: పుస్తకంలో గాలి 11 కిలోమీటర్ల దగ్గర చల్లబడడం ఆపేస్తుంది, మన దగ్గర 16, 17 కిలోమీటర్ల దాకా చల్లబడుతూనే పోయి మైనస్ 80 దాకా దిగుతుంది. విమానం ఎత్తుని పీడనంతోనే కొలుస్తారు కదా. 500 ఫ్లైట్ లెవెల్ (50,000 అడుగులు) అంటే ఎక్కడైనా 116 హెక్టోపాస్కలే. మన మీద ఆ పీడనం దగ్గర గాలి మైనస్ 73 చుట్టూ ఉంటుందనుకుంటే, పుస్తకం కంటే 16, 17 డిగ్రీలు చల్లన.

దాంతో ఏం మారుతుంది? శబ్దవేగం సెకనుకి 295 మీటర్ల నుంచి 283.5కి పడిపోతుంది. మాక్ 1.6 అంటే ఇక్కడ గంటకి 1,633 కిలోమీటర్లే. నాలుగు శాతం నెమ్మది. రేంజ్ మాత్రం దాదాపు మారదు, ఎందుకంటే చల్లటి గాలిలో ఇంధనం ఖర్చు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. లిఫ్ట్, డ్రాగ్ మాక్‌కీ పీడనానికీ కట్టుబడినవి, అవీ మారవు. మారేది ఇన్‌టేక్. ఇంజిన్ ముఖం దగ్గర గాలి 54 బదులు 29 డిగ్రీలే ఉంటుంది. అదే టర్బైన్ వేడి దగ్గర ఇంజిన్ ఎక్కువ గాలి అడుగుతుంది. పుస్తకం గాలికి సరిగ్గా సరిపోయేలా ఇన్‌టేక్ నోరు కోస్తే ఇక్కడ ఇంజిన్ ఆకలితో ఉంటుంది, షాక్ లోపలికి జారుతుంది, ఫ్యాను ముందు గాలి చెదిరిపోతుంది. నోరు చల్లటి రోజుకే కొలవాలి. వేడి రోజున మిగిలిన గాలి పెదవి మీద నుంచి పొర్లిపోతుంది, దానికి కొంచెం డ్రాగ్ కట్టాలి. తప్పదు.

నేలమీద వ్యవహారం దీనికి తలకిందులు. మేలో 42 డిగ్రీలకి రేణిగుంట రన్‌వే మీద గాలి సాంద్రత ఘనపు మీటరుకి 1.107 కిలోలు, పుస్తకంలో 1.225. రెక్క మీద చదరపు మీటరుకి 340 కిలోల బరువు, లిఫ్ట్ గుణకం 1.0 అనుకుంటే నేల వదిలే వేగం గంటకి 266 నుంచి 279 కిలోమీటర్లకి పెరుగుతుంది. పరుగు దూరం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి పది శాతం అక్కడే పోయింది, ఇంజిన్ వేడికి నీరసించడం వేరే. పొడిగించక ముందు ఆ రన్‌వే 2,286 మీటర్లు. బిజినెస్ జెట్ అలాంటి రన్‌వేల నుంచే లేవగలగాలి, లేకపోతే కొనేవాడికి దాని ఉపయోగం సగం పోయినట్టే. అందుకే రెక్క మీద పడే బరువు చదరపు మీటరుకి 340 కిలోలు దాటనివ్వొద్దు, 162 చదరపు మీటర్ల రెక్క తప్పదు.

చివరిది, అసలు పేచీ: బూమ్, శబ్దవేగం మించిన విమానం షాక్ అల నేలని తాకినప్పటి పేలుడులాంటి చప్పుడు. 50,000 అడుగుల నుంచి పడే బూమ్ నేలమీద సుమారు 80 కిలోమీటర్ల వెడల్పు పట్టీలో వినిపిస్తుంది. తూర్పు పడమరల దారిలో తిరుపతి నడిమధ్యలో ఉంటే ఇటు శ్రీకాళహస్తి, అటు పుత్తూరు పట్టీలో పడతాయి, చిత్తూరు బయట మిగులుతుంది. అమెరికా 1973లో నేలమీద పౌర విమానాల సూపర్‌సానిక్ ఎగరడాన్ని ఆపింది ఈ చప్పుడుకే. ఆకారంతో దీన్ని మెత్తబరచవచ్చని 2003లో ముక్కు మార్చిన ఎఫ్-5తో రుజువు చేశారు. 2025 అక్టోబరు 28న మొదటిసారి ఎగిరిన ఎక్స్-59 లక్ష్యం 75 పీఎల్ డెసిబెల్ (చెవికి అనిపించే చప్పుడు కొలత), కాంకార్డ్‌ది 105 చుట్టూ. ఎనిమిది మంది క్యాబిన్‌తో 55 టన్నుల బరువులో ఆ 75 సాధించడం ఇంకా ఎవరి చేతా కాలేదు.

రెండో దారి, బూమ్‌ని నేలకి చేరనివ్వకపోవడం. పైన చల్లన, కింద వేడి కాబట్టి అల కిందికొచ్చేకొద్దీ వంగి పైకి తిరుగుతుంది. విమానం నేలతో పోలిస్తే పోయే వేగం నేలమీది శబ్దవేగానికి లోపు ఉంటే అల కింద దాకా రాదు. పుస్తకం గాలిలో ఆ హద్దు 340ని 295తో భాగిస్తే మాక్ 1.15. మే మధ్యాహ్నం తిరుపతిలో 356ని 283.5తో భాగించండి: 1.26! కింద మన ఎండ, పైన మన చలి కలిసి మాక్ అంకెని తొమ్మిది శాతం దాకా ఊరికే పెంచుతాయి, నిజం వేగాన్ని మాత్రం ఐదు శాతం లోపే.

అయితే గాలి వాటం ఉంది. వానాకాలంలో దక్షిణ భారతం మీద ఈ ఎత్తులోనే ఉష్ణమండల తూర్పు జెట్ గాలి తూర్పు నుంచి పడమటికి వీస్తుంది. సెకనుకి 35 మీటర్లనుకోండి, నేలమీద 32 డిగ్రీలు. ఎదురుగాలిలో తూర్పుకి, చెన్నై వైపు పోతే హద్దు 1.36. అదే దారిలో పడమటికి, బెంగళూరు వైపు తిరిగొస్తే 1.11. ఒకే విమానం, ఒకే రోజు, ఒకే ఊరి మీద. రిపోర్టులో ఒక్క అంకె రాసి వదిలేస్తే ఈ తేడా కనిపించదు.

కొండ ఇంకో మెలిక. హద్దుకి సరిగ్గా అంచున పోతే అల లోయ మీద వంగిపోతుంది, కానీ ఎత్తుగా, చల్లగా ఉన్న చోటిని ముందే తాకేస్తుంది. తిరుమల తిరుపతి కంటే సుమారు 5 డిగ్రీలు చల్లన అనుకుంటే శబ్దవేగం అక్కడ 353. 356కీ 353కీ మధ్య వేగంతో పోయే విమానం చప్పుడు కింద గోవిందరాజస్వామి గుడి వీధిలో వినపడదు, కొండమీద పడుతుంది. పైగా అల వంగే చోట అది చిక్కబడుతుంది, మామూలు బూమ్‌కి రెండు నుంచి ఐదు రెట్లు. కాబట్టి హద్దు కట్టాల్సింది దారిలోని అతి ఎత్తైన కొండకి, అతి చల్లటి గంటకి. జనవరి తెల్లవారుజామున తిరుమలలో 12 డిగ్రీలుంటే, పైగాలి లేకపోతే, హద్దు 1.19. బెలూన్ కొలత కొన్ని గంటల పాతది, గాలి ఈలోగా మారుతుంది, పైలట్ వేగం కూడా కొంచెం ఊగుతుంది. వీటన్నిటికీ తీసేస్తే నేలమీద క్రూయిజ్‌కి డిజైన్ అంకె 1.15 దగ్గర ఆగాలి, వెనక గాలి ఉన్న నెలల్లో పడమటి దారిలో మాక్ 1 లోపే. మాక్ 1.6 పులికాట్ దాటాకే. తిరిగొచ్చేటప్పుడు కూడా, సముద్రం మీద వదిలిన అల, వదిలిన చోటికంటే పదుల కిలోమీటర్లు ముందుకి పోయి నేలని తాకుతుంది కాబట్టి, వేగం తగ్గించే గీతని తీరం మీద గియ్యకుండా తూర్పుకి అంత దూరం జరిపి గియ్యాలి.